సగం సొరంగం

నందిగామ,
అక్టోబరు 27.

మన హైవే కింది సొరంగం మొత్తం మూసేశారు. సగం మూస్తాం, సగంలో నడవనిస్తాం అని పోయిన వేసవిలో చర్చి వరండాలో కూర్చుని పాలెం అందరికీ చెప్పింది నువ్వే మావయ్యా. శుక్రవారం పొద్దున రెండు వైపులా నీలం రేకులు కొట్టి పోయారు. నీకు తెలియకుండా మీ ఆఫీసులో సున్నా కూడా చుట్టరంటావుగా. మరి ఇదెలా జరిగిందో చెప్పు.

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా" అన్న మెసేజ్ వస్తుంది గాని నువ్వు రావు. ఆఫీసు మెయిల్లో రాస్తే మా సైట్ మేనేజర్ కిషోర్‌బాబు చదువుతాడు. అందుకని మార్కులు పెట్టి మీకు తిప్పి పంపే డ్రాయింగు ప్రింట్ల రోల్‌లో ఈ కాగితం దూరుస్తున్నా. ఇక్కడ బస్టాండు కార్గోలో వేసేది నేనే, ఉప్పల్లో విప్పేది నువ్వే.

పత్తి తీత మొదలైంది. పాలెం రోడ్డుకి ఇవతల, చేలు అవతల. హైవేని ఆరు వరసలు చేస్తున్నామని యూ-టర్న్‌ని చిల్లకల్లు వైపు జరిపేశారు. అక్కడిదాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి చేలోకి దిగేసరికి ఎండ నడినెత్తిమీదకి వస్తోంది. మేస్త్రి ఊరుకోడు. అందుకని ఆడవాళ్లంతా డివైడర్ ఎక్కి దాటుతున్నారు. అమ్మ కూడా. ఒక చేత్తో అన్నం క్యారేజీ, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, సిమెంటు లారీ పోయిందాకా ఆగి, "ప్రభువా" అని ఒక్క పరుగు తీస్తుంది. అమ్మ మోకాళ్ల సంగతి నీకు నేను చెప్పాలా?

ఇంకో సంగతి. మీ రెండో రివిజన్ డ్రాయింగులో మన పాలెం ఎదురుగా డివైడర్‌కి అవతలికి దాటటానికి ఒక కంత ఉంది. దానికి దీపం ఉంది, జెండా పట్టుకునే మనిషి ఉన్నాడు. మూడో రివిజన్‌లో కంత లేదు, దీపం లేదు, మనిషీ లేడు. కింద నీ సంతకం మాత్రం ఉంది. సొరంగమూ లేక, కంతా లేక, మనుషులు ఎగిరి దాటాలా?

మా కంటైనర్ ఆఫీసులో ఏసీ మళ్లీ చెడిపోయింది. ఆ ఉక్కలో కూర్చుని మీరు తిప్పి పంపిన కాలవ లెవెల్స్ దిద్దుతున్నా. అత్తయ్యని అడిగానని చెప్పు.

శనివారం వచ్చే రోల్‌లో జవాబు పెట్టు.

కృపాజ్యోతి


ఉప్పల్, హైదరాబాదు,
అక్టోబరు 31.

జ్యోతమ్మకి,

దేవుని కాపుదలలో ఉన్నావని నమ్ముతూ మావయ్య రాస్తున్నది.

నీ కాగితం నా చేతికి రాలేదు. రోల్ విప్పగానే జారి మా ఆఫీసులో డ్రైనేజీ గీసే ఆయన కాళ్ల దగ్గర పడింది. "మీ మేనకోడలి దస్తూరీ సార్. ఇంకుకి కూడా కోపం వచ్చినట్టుంది" అని తెచ్చిచ్చాడు. మంచివాడు గనక మడత విప్పలేదు. ఇకమీదట కవరులో పెట్టు.

నా పని గురించి నువ్వేమనుకుంటున్నావో గాని, నేను గీసేవాణ్ణి కాదమ్మా. గీసేవాళ్ల వెంట తిరిగేవాణ్ణి. రోడ్డువాళ్లు గీసింది కాలవవాళ్లకి పడదు. కాలవవాళ్లు జరిపితే కరెంటు స్తంభాలవాళ్లు లబోదిబోమంటారు. అందర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒప్పించేలోపు పరిశీలన కమిటీ నుంచి వ్యాఖ్యల షీటు వస్తుంది. ఒకదానికి సమాధానం రాసి మూస్తే రెండు కొత్తవి పుడతాయి. మొన్న సాయంత్రం మీ అత్తయ్య ఏదో అడిగితే, "మీ వ్యాఖ్య గమనించాం, తదుపరి రివిజన్‌లో సరిచేస్తాం" అన్నానట. ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.

సొరంగం పాతబడింది. లోపలి గోడలు పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయి. వానాకాలం మోకాటి లోతు నీళ్లలో నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోయిన రోజులు మర్చిపోయావా? గోడలకి కొత్త కాంక్రీటు పొర వేసి, నేల ఎత్తు చేసి, పైకప్పు కట్టుదిట్టం చేయకుండా దాని మీద ఇంకో రెండు వరసలు వేస్తే అది మోయలేదు. మూయటం తప్పదు. ఎలా మూయాలన్నది మీ సైట్ వాళ్లు పంపారు, మేం ఒప్పుకున్నాం. పాలెం వాళ్లకి తెలిసే జరిగి ఉంటుందని నా నమ్మకం.

కంత గురించి మాత్రం నన్నడగొద్దు. దానికి కారణం ఉంది. అది నా నోటితో చెప్పేది కాదు.

లెవెల్స్ తప్పు పడ్డాయని కిషోర్‌బాబు నిన్ను అందరి ముందూ అన్నాడని విన్నా. ఆ కోపమే ఇటు తిరిగిందేమో చూసుకో. నీకు డిప్లొమా లేదు. ఇంటర్ తప్పి, జగ్గయ్యపేట నెట్ సెంటర్లో వీడియోలు చూసి డ్రాయింగు నేర్చుకున్న పిల్లవి. నా మాట మీద తీసుకున్నారు. కొన్నాళ్లు కాస్త తగ్గి ఉండమ్మా.

అక్క మోకాళ్లకి నూనె పంపిస్తున్నా. వేడి చేసి రాయమను.

నీ మేలు కోరే మావయ్య,
రత్నబాబు


నందిగామ,
నవంబరు 3.

రత్నబాబు గారికి,

నా ఉద్యోగం మీ మాట మీద నిలబడిందని గుర్తు చేశారు. సంతోషం. ఇకనుంచి మిమ్మల్ని మీరు అనే రాస్తాను. ఉద్యోగం ఇప్పించినవాళ్లని నువ్వు అనకూడదు గదా.

అమ్మ రోడ్డు దాటుతోందని రాస్తే, నేను మేనేజరు మీద అలిగానని అర్థమైందా మీకు? లెవెల్స్ నేనే తప్పు వేశా, నేనే దిద్దుకున్నా. దాంతో దీనికేం పని?

మీరు చెప్పినట్టే తగ్గి, వినయంగా, కిషోర్‌బాబు బల్ల దగ్గర నిలబడి అడిగా.

"సార్, సొరంగంలో సగం దారి ఎప్పుడు వదులుతారు?"

"సగమేంటమ్మా? సగం సగం చేసుకుంటూ పోతే ఈ పని ఎండాకాలం దాకా సాగుద్ది. మొత్తం మూస్తేనే నాకు తెములుద్ది. అయినా మీ మావయ్యగారే పాస్ చేశారు. పోయి ఆయన్నే అడుగు."

"అడిగానండి."

"ఏవన్నారు?"

"తగ్గి ఉండమన్నారు."

"చూశావా, పెద్దాయన ఎంత మంచి మాట చెప్పారో" అని టీ తెప్పించాడు. నాక్కూడా.

మీరు దాచిన కారణం నాకు అర్థం కాదనుకోవద్దు. కంత పెడితే కాంట్రాక్టరు దీపం పెట్టాలి, పగలంతా జెండా మనిషిని నిలబెట్టాలి. ఆ తలనొప్పి మీరు తీసేసి పెట్టారు. అంతేగా?

నాన్న బండి మీద పోతూ చనిపోయింది అక్కడున్న పాత కంత దగ్గరే. అప్పుడు నేను ఐదో తరగతి. ఆ తర్వాతే దాన్ని కాంక్రీటుతో పూడ్చి అందర్నీ సొరంగంలో నడవమన్నారు. కంత అంటే నాకు భయం లేదనుకోకండి. కాని అప్పుడు జెండా పట్టిన మనిషి లేడు. ఉంటే నాన్న ఆగేవాడు. నేను అడిగేది మనిషి ఉన్న కంత. మీరు రెండో రివిజన్‌లో పెట్టించిన కంత.

మొన్న పొద్దున ఆడవాళ్లతో పాటు నేనూ డివైడర్ మీద నిలబడ్డా. మా పక్కింటి ఫ్లోరెన్స్ అత్త ఉందిగా, దారి పొడుగూతా నన్ను ఏడిపించింది.

"ఏవే ఇంజినీరమ్మా, మీ మావయ్య గీత గీస్తే రోడ్డే పక్కకి జరుగుద్దంటగా. మమ్మల్ని కూడా కాస్త అవతలికి జరపమను."

"చెప్తాలే అత్తా."

"తొరగా చెప్పు. కొంగు బిగించీ బిగించీ నడుం సన్నబడింది. ఈ వయసులో నాకెవడు సంబంధం తెస్తాడు?"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. "మీ మావయ్య జోలికి పోవద్దు. వాడేం చేసినా తెలిసే చేస్తాడు" అంది. తమ్ముడంటే అంత ప్రేమ. లారీ గాలికి చీర ఎగిరిపోతున్నా ఆ ప్రేమ తగ్గదు.

నూనె అందింది. మోకాళ్లకి నూనె పంపటం తేలిక. దారి పంపండి.

మీ మాట మీద బతుకుతున్న,
కృపాజ్యోతి


ఉప్పల్,
నవంబరు 7.

జ్యోతీ,

గారు అన్నావు. సరే.

నీ ఉత్తరం చదివాక ఆ షీటు తీయించా. సొరంగం పూర్తిగా మూస్తామని చూపించే షీటు. అది మా దగ్గర పుట్టలేదు, మీ నందిగామ ఆఫీసు నుంచి వచ్చింది. దాని కుడివైపు కింది మూల చూడు. 'గీసినవారు' అన్న గడిలో కె.జె. అని ఉంది.

ఆ రోజు నా బల్ల మీద అలాంటివి గుట్ట ఉంది. ప్రతిదాన్నీ పరిచి, కళ్లజోడు పెట్టుకుని చూస్తా. ఆ ఒక్కదాన్నే చూడలేదు. మూలలో నీ పొడి అక్షరాలు కనపడ్డాయి. మన పిల్ల గీసింది, ఆ సొరంగంలో నడిచి పెరిగిన పిల్ల, పాలెంలో అడక్కుండా గీయదు అనుకున్నా. సంతకం పెట్టేశా. అంతటితో ఊరుకోకుండా పక్క బల్లాయనకి చూపించా, "మా అక్క కూతురు గీసిందండీ" అని. గీతలు శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు.

ఇక కంత. చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. నువ్వు నన్ను కాంట్రాక్టరు మనిషిని చేశాక ఆ ఒట్టు నేను మోయలేను. ఏప్రిల్లో, రెండో రివిజన్ బయటికొచ్చిన వారంలో ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మళ్లీ అక్కడ కంత పెడతన్నారంటగా."

"మనిషిని పెడతాం అక్కా. దీపం ఉంటుంది."

"మనిషి అన్నం తినటానికి పోడా? నువ్వు అక్కడ కంత పెడితే మా గడప తొక్కమాక. రోజూ దాన్ని చూసుకుంటా పత్తికి పోవటం నావల్ల కాదు. సొరంగం సగం ఉంటదన్నావుగా, అది చాలు."

ఆమె ఏనాడూ నన్ను ఏదీ అడగలేదు. సొరంగంలో సగం దారి ఉంటుంది గదా అన్న ధైర్యంతో తీయించేశా. కమిటీకి "భద్రతా కారణాల వల్ల" అని రాశా. అబద్ధం కాదు.

అప్పుడు ఆమె మాట విని సంతకం పెట్టా, తర్వాత నీ అక్షరాలు చూసి సంతకం పెట్టా. ఇంతకంటే ఏం రాయాలో తెలియటం లేదు. కళ్లు లాగుతున్నాయి.

మావయ్య


నందిగామ,
నవంబరు 10.

మావయ్యా,

ఫ్లోరెన్స్ అత్తని బైకు కొట్టింది. శనివారం సాయంత్రం, చేలోంచి తిరిగొస్తుండగా. ఇవతలి వైపు లారీ ఆగింది, దాని పక్కనుంచి బైకు దూరింది. తుంటి ఎముక విరిగింది. ఇక్కడ చూసి విజయవాడ పంపారు. బతుకుతుంది, నడక మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. బైకు నడిపినతనికి చెయ్యి విరిగింది. అతనూ పనినుంచి ఇంటికి పోతున్నాడు.

నేను బస్టాండులో మీ రోల్ తీసుకుంటుండగా ఫోన్ వచ్చింది. ఆ రోల్ చంకలో పెట్టుకునే ఆసుపత్రికి పోయా. అత్తని లోపలికి తీసుకుపోయాక వరండాలో కూర్చుని నీ ఉత్తరం చదివా. గారు తీసేశా, చూశావుగా. ఓపిక లేదు.

ఆ షీటు గీసింది నేనే. కిషోర్‌బాబు వచ్చి, "హైదరాబాదు వాళ్లతో మాట్లాడా, ఒప్పుకున్నారు, కాగితం కోసం ఒక షీటు గీసివ్వు" అన్నాడు. సగం దారి ఏదని అడగాలనిపించింది. తప్పయితే మావయ్య ఆపుతాడులే అనుకుని గీశా. నువ్వేమో నా అక్షరాలు చూసి పెట్టేశావు. సొరంగం ఎట్లా ఉందో మాత్రం ఇద్దరం చూడలేదు. కిషోర్‌బాబు మనిద్దరి చుట్టరికం మీదే పని తెముల్చుకున్నాడు.

అమ్మ ఆ టైముకి ఫ్లోరెన్స్ అత్త చెయ్యి పట్టుకుని ఉంది. ఒక అడుగు వెనక. పట్టు జారిందట. అమ్మ ఆ చెయ్యి ఇంకా మడవటం లేదు, ఒళ్లో అలాగే చాపుకుని కూర్చుంటోంది. అలాంటప్పుడు అడగకూడదు. అయినా అడిగా.

"కంత తీయించింది నువ్వా?"

"వాడు చెప్పాడా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే స్కేలు తీసుకుని కూర్చుంటావ్. ఇక్కడ దీపం, అక్కడ మనిషి అంటావ్. మీ నాన్న ఎక్కడ పడ్డాడో ఏ కాగితం మీదన్నా గీసుందా?"

మళ్లీ తనే అంది, "కంత వద్దన్నాగాని, సొరంగం మూయమని నేను చెప్పలా."

దాన్ని తెరిపించు మావయ్యా. గోడల పనే నడుస్తోంది, ఇంకా పైకప్పు జోలికి పోలేదు. లోపల నడవటానికి చోటుంది, నేను రేకు సందులోంచి చూశా. ఈ వారమే తెరిపించు.

జ్యోతి


ఉప్పల్,
నవంబరు 14.

జ్యోతమ్మా,

ఫ్లోరెన్స్, నేనూ ఐదో తరగతి దాకా ఒకే బెంచీ. నా పలక పగలగొట్టి నేనే పగలగొట్టుకున్నానని టీచరుకి చెప్పింది. ఆదివారం విజయవాడ వెళ్లి చూసి, ప్రార్థన చేయించి, అటునుంచి పాలెం వస్తా. అక్కకి చెప్పు.

సొరంగం సంగతి. ఒకసారి ఒప్పుకున్న షీటుని నేను మాట చెప్పి మార్చలేను. కొత్త ట్రాఫిక్ షీటు రావాలి, దాన్ని భద్రత చూసే సంస్థ చదవాలి, కమిటీలో పెట్టాలి. కమిటీ నెలాఖరుకి గాని కూర్చోదు. ఈ మధ్యలో నేను సైట్‌కి ఘాటుగా ఒక లేఖ రాశా. వాళ్లు దానికి ఘాటుగా జవాబు రాస్తారు. కాగితం నడిచే నడక ఇంతే. నేను చేరిన రోజునుంచీ ఇంతే. దాని వెనక నడిచీ నడిచీ అలసిపోయా.

ఒక్క పని మాత్రం వెంటనే చేశా. ప్రమాదం గురించి పైనుంచి అడుగుతున్నారు. ఎవరు గీశారన్నది మొదటి ప్రశ్న అవుతుంది. డిప్లొమా లేని పిల్ల గీసిందంటే అందరూ నీ మీద పడతారు. అందుకని ఆ షీటుని ఇక్కడే మళ్లీ ప్రింటు తీయించి, మూలలో నీ అక్షరాలు తీసేయించి, మా ఆఫీసులో గీసినట్టు పెట్టించా. కిషోర్‌బాబుకీ చెప్పా, నోరు మెదపడు. నిన్నెవరూ ఏమీ అడగరు. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఆసుపత్రికి పండ్లు తీసుకురావాలా, హార్లిక్స్ తేవాలా?

మావయ్య


నందిగామ,
నవంబరు 17.

నా పేరు తీసేశావు. దారి తెరవలేదు.

పేరు తీయటానికి కమిటీ అక్కర్లేదు. భద్రత చూసే సంస్థ అక్కర్లేదు. నెలాఖరు అక్కర్లేదు. ఒక్క పూటలో అయిపోయింది. కిషోర్‌బాబుతో కూడా మాట కలిసింది. మనుషులు నడవటానికి మాత్రం కాగితం నడవాలి.

నాకు మేలు చేశాననుకుంటున్నావు. పాలెంలో ఏ మొహం పెట్టుకుని తిరగాలి? ఫ్లోరెన్స్ అత్త కొడుకు అక్షయ్ నిన్న ఆసుపత్రి మెట్ల మీద అడిగాడు, "అక్కా, మొత్తం మూయమని గీసిందెవరు?" అని. నేనే అని చెప్పా. కొట్టలేదు, తిట్టలేదు. లేచి కాస్త దూరంగా కూర్చున్నాడు. ఇప్పుడు నీ కాగితం అది నేను గీయలేదంటుంది. నన్ను అబద్ధాలకోరుని కూడా చేస్తావా?

నిన్న నువ్వు రాలేదు. అర్జెంటు మీటింగని ఫోన్ చేశావట. అమ్మ స్పీకర్లో పెట్టింది గనక నేనూ విన్నా. నీ గొంతు నీరసంగా ఉంది. నీ మీద జాలి కూడా వేసింది. జాలి వేసినా ఈ ఉత్తరం ఇలాగే రాస్తా.

అమ్మ చెబుతుంటే రాసిన మాటలు ఇవి. నేనేం కలపలేదు:

"తమ్ముడూ, నేను కంత వద్దన్నా. దారి వద్దనలా. అప్పుడు నా మాట విని ఒక గీత తీసేశావు గదా. ఇప్పుడూ నా మాటే విని ఒకటి పెట్టు. ఫ్లోరెన్స్ చెయ్యి నా చేతిలోంచే జారింది. మళ్లా ఇంకెవరి చెయ్యీ పట్టుకుని ఆ రోడ్డెక్కలేను. పని మానేస్తే ఇంట్లో జరగదు. నువ్వొస్తే కోడి కోస్తానని అనుకోమాక. ముందు ఆ రేకు ఊడాల. అప్పుడు రా."

ఇప్పుడు నేను అడిగేవి.

ఈ రోల్‌లో ఒక కొత్త షీటు ఉంది. సొరంగంలో తూర్పు గోడ పక్కన పని, పడమటి గోడ పక్కన నడక, మధ్యలో గట్టి తడిక. పైకప్పుకి సెంట్రింగ్ వేసే రోజులు వచ్చినప్పుడు దాని కాళ్ల మధ్య దారి, నెత్తి మీద చెక్కలు. ఇది నా తెలివి కాదు. రెండో రివిజన్‌లో మీవాళ్లు గీసిందే, నువ్వు చర్చి వరండాలో చేతులు ఊపుతూ చెప్పిందే. నేను ఎత్తి రాశా. కమిటీ అప్పుడే ఒప్పుకున్న పద్ధతి గనక మళ్లీ కమిటీ కావాలనొద్దు. ఆ పాత పద్ధతికి వెనక్కి పోవటానికి నీ సంతకం చాలని మీ డ్రైనేజీ ఆయన ఫోన్‌లో చెప్పాడు. ఆయన్ని తిట్టకు, నేనే ప్రాణం తీసి అడిగా.

పాత షీటు మీద నా అక్షరాలు తిరిగి పెట్టించు. అది నేనే గీశా. ఎవరడిగినా నేనే చెప్పుకుంటా. ఉద్యోగం పోతే పోనీ.

కొత్త షీటులో మాత్రం 'గీసినవారు' గడి ఖాళీగా వదిలా. ఆ మూల చూసి సంతకం పెట్టే అలవాటు నీకుంది. ఈసారి అక్కడ ఎవరూ లేరు. షీటు పరుచుకో, కళ్లజోడు పెట్టుకో, పడమటి గోడ పక్కన మీ అక్క పట్టేంత దారి ఉందో లేదో చూడు. లేకపోతే దిద్దు. చూశాకే సంతకం పెట్టు.

శనివారం, అంటే ఇరవై రెండున, సాయంత్రం బస్సుకి నేను నందిగామ బస్టాండులో ఉంటా. సంతకం పెట్టిన షీటు ఆ రోల్‌లో రావాలి. రాకపోతే సోమవారం పొద్దున పత్తికి పోయేముందు ఆ రేకులు మేమే ఊడదీస్తాం. ముందు నేను, నా వెనక అమ్మ. నువ్వు కావాలంటే దాన్ని వ్యాఖ్యల షీటులో రాసుకో.

శనివారం సాయంత్రం బస్సు. జవాబు దాంట్లో రావాలి, తర్వాతి దాంట్లో కాదు.

కృపాజ్యోతి